సగం పేరున్న స్ట్రిప్పు

"ఈ మూడు నెలల్లో యాంటీబయాటిక్ ఏమన్నా వాడారా పెద్దాయనా?" అని కర్నూలులో డాక్టరమ్మ అడిగితే నాయనా నేనూ ఒకేసారి "లేదు మేడమ్" అన్నాం. దాచాలని కాదు. వాడలేదనే అనుకున్నాం. మా ఇంట్లో మందు వాడటం అంటే ఒక డాక్టరు చూడాలి, చీటీ రాయాలి, ఫైలు చేతిలో పెట్టి పదిహేను రోజుల తర్వాత రమ్మనాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నది ఆ లెక్కలోకి రాదు. అది తలనొప్పికి బామ్ రాసుకోవడం లాంటిదే.

ఆమె మలం పరీక్షకు కాగితం రాసిచ్చి సంతకం పెట్టమంది. నాయన కళ్ళజోడు డబ్బా తెరిచాడు. అందులోంచి ఒక స్ట్రిప్పు ముక్క బల్ల మీద పడింది. రెండు క్యాప్సూళ్ళు, కత్తెరతో అడ్డంగా కోసిన అంచు, వెనక రేకు మీద ఇంగ్లీషులో సగం పేరు: "డమైసిన్ 300". ముందు సగం గుత్తిలో షాపాయన దగ్గర మిగిలిన ముక్క మీద ఉండిపోయింది. డాక్టరమ్మ దాన్ని వేలితో తన వైపు జరుపుకుని, తిప్పి చూసి, "మరి ఇదేంటి?" అంది.

"అది పంటికి" అన్నాడు నాయన.

జరిగింది చెప్తాను. నాయనకు డెబ్భై ఒకటి. గుత్తి దగ్గర పల్లె. వేసవిలో కింది దవడ వాచింది. పంటి డాక్టరు దగ్గరికి పోదామంటే "పోతే పీకుతానంటాడు" అని ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళుగా తెలిసిన మందుల షాపుకు పోయాడు. షాపాయన వాపు చూసి అమాక్సిసిలిన్ డబ్బా తీయబోతే "నాకు పెన్సిలిన్ పడదప్పా" అని ఆపాడంట. ఎప్పుడో పెళ్ళికి ముందు ఒక సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయని మా ఇంట్లో చెప్పుకునే కథ. షాపాయన ఆ డబ్బా లోపల పెట్టి, కాసేపు ఆలోచించి, క్లిండమైసిన్ కత్తిరించి ఇచ్చాడు. నాలుగు రోజులకు వాపు తీసింది. మిగిలిన రెండు క్యాప్సూళ్ళు, మళ్ళీ ఎప్పుడన్నా పనికొస్తాయని, కళ్ళజోడు డబ్బాలోకి చేరాయి.

పన్నెండు రోజుల తర్వాత బేదులు పట్టుకున్నాయి. రోజుకు ఏడెనిమిది సార్లు, నీళ్ళలాగా. కడుపులో మెలిపెట్టే నొప్పి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. మళ్ళీ అదే షాపు. ఈసారి ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర, బేదులు కట్టడానికి లోపరమైడ్, పరగడుపున వేసుకోమని గ్యాస్ మాత్ర. మూడు రోజులు తగ్గినట్టే ఉండి, వారానికి మళ్ళీ తిరగబెట్టింది. ఇంకో విడత మాత్రలు. పల్లెలో ఆర్.ఎం.పి. రెండు సెలైన్లు ఎక్కించాడు. నెల తిరిగేసరికి నాయన ప్యాంటు నడుం దగ్గర గుప్పెడు వదులైంది.

కర్నూలుకు బస్సులో రానన్నాడు. కారు మాట్లాడాం. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు రెండు పంచెలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు, ఎందుకని అమ్మ అడగలేదు. గుత్తి నుంచి కర్నూలు వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. ప్యాపిలిలో ఒకసారి, డోన్‌లో పెట్రోలు బంకు దగ్గర ఒకసారి, వెల్దుర్తి దాటాక రోడ్డు పక్క కంపచెట్ల చాటున ఒకసారి ఆపాం. మూడోసారి కారెక్కేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు.

తుంగ లెక్కన

పరీక్షకు మలం పలచగా ఉంటేనే తీసుకుంటారు. ఆ విషయంలో మాకు ఇబ్బంది రాలేదు. మరుసటి రోజు సాయంత్రానికి ఫలితం వచ్చింది. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలి, డాక్టర్లు సీ డిఫ్ అని పొట్టిగా పిలిచేది. 1935లో పసిపిల్లల మలంలో దీన్ని మొదట చూసినవాళ్ళు, ల్యాబులో పెంచడం కష్టంగా ఉందని లాటిన్‌లో "కష్టం" అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. ఆ పిల్లలకు జబ్బేమీ లేదు. 1974లో క్లిండమైసిన్ తీసుకున్న 200 మందిని గమనిస్తే 21 శాతం మందికి బేదులయ్యాయి, 10 శాతం మందికి పెద్దపేగు లోపల పొరలు కట్టినట్టుండే వాపు కనిపించింది. మందుకూ పేగుకూ ఏదో సంబంధం ఉందని అప్పుడే తెలిసింది. నడుమ ఉన్నది ఈ సూక్ష్మజీవేనని 1978లో గానీ తేలలేదు.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. పేగులో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి, అవి ఉన్నంతకాలం ఇది తలెత్తదు, యాంటీబయాటిక్ వాటిని తుడిచేస్తే ఇది విత్తనం లాంటి రూపంలో దాక్కుని తర్వాత లేస్తుంది, విషం వదులుతుంది అని. నాయన అంతా విని "అంటే తుంగ లెక్కనా?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పాల్సి వచ్చింది. చేన్లో గడ్డిమందు కొడితే పైన ఉన్న పచ్చదనమంతా మాడుతుంది. తుంగ ఆకు కూడా మాడుతుంది. కింద గడ్డ మాత్రం అట్లే ఉంటుంది. పోటీకి వేరే గడ్డి లేని చేను కాబట్టి అందరికంటే ముందు అదే లేచి పరుచుకుంటుంది. ఆమె నవ్వి "కరెక్టుగా అదే" అంది. తర్వాత ఈ జబ్బు గురించి చాలా చదివాను. తుంగగడ్డను మించిన పోలిక ఇంకా తగల్లేదు.

ఆ చేను ఎంతకాలం ఖాళీగా ఉంటుందన్నది నాకు కొత్త సంగతి. మందు వేసుకుంటున్న రోజుల్లోనూ, ఆపిన తర్వాత మొదటి నెలలోనూ ప్రమాదం బాగా ఎక్కువ. తర్వాత తగ్గుతూ మూడు నెలల దాకా ఉంటుంది. ఇంచుమించు శనక్కాయ విత్తి పీకేంత కాలం. నాలుగు రోజుల మాత్రకు మూడు నెలల నీడ. అందుకే డాక్టరమ్మ "ఈ మధ్య" అని అడగకుండా మూడు నెలలని లెక్క చెప్పి అడిగింది.

అన్ని మందులూ ఒకటి కాదు. ఆసుపత్రి గడప తొక్కకుండా ఈ జబ్బు తెచ్చుకున్నవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు రెండు 2013లో వచ్చాయి. క్లిండమైసిన్ రెంటిలోనూ మొదటి స్థానంలో ఉంది, వాడనివాళ్ళతో పోలిస్తే ఈ జబ్బు వచ్చే ప్రమాదం ఇంచుమించు 17 నుంచి 20 రెట్లు. తర్వాత ఆఫ్లోక్సాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ ఉండే ఫ్లోరోక్వినోలోన్లు, సెఫిక్సిమ్ ఉండే సెఫలోస్పోరిన్లు, నాలుగు నుంచి ఆరు రెట్లు. పెన్సిలిన్ జాతి అంతకంటే తక్కువ. టెట్రాసైక్లిన్లకు మాత్రం ప్రమాదం పెరిగినట్టు కనిపించలేదు.

ఈ చివరి పేరు దగ్గర నేను కాసేపు ఆగాను. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ల్యాబుల నుంచి లోకానికి వచ్చింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనను నడిపించింది మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు పోయింది స్ప్రూ అనే పేగు జబ్బుతోనే. పేగు జబ్బుతో తోబుట్టువులను పోగొట్టుకున్న మనిషి నడిపిన పరిశోధన నుంచి వచ్చిన మందు జాతి, పేగును అందరికంటే తక్కువ కెలికే జాతుల్లో ఒకటని అరవై ఏళ్ళ తర్వాత లెక్కలు చెప్పాయి. దీనికి అర్థం ఏమీ లేదు. నాకు రాయాలనిపించింది.

నాయన రెండో విడత వేసుకున్న మాత్ర సంగతి ఇంకా విచిత్రం. అందులోని ఆర్నిడజోల్‌కు దగ్గరి బంధువైన మెట్రోనిడజోల్‌ను ఈ జబ్బుకు చాలాకాలం మొదటి మందుగా వాడారు. పక్కనే ఉన్న ఆఫ్లోక్సాసిన్ ఈ జబ్బు తెచ్చే జాబితాలో పైన ఉంది. ఒకే మాత్రలో నీళ్ళూ కిరసనాయిలూ. మూడు రోజులు తగ్గి మళ్ళీ ఎందుకు తిరగబెట్టిందో ఇప్పుడు ఊహించుకోగలను, నిరూపించలేను.

బావ వాదన

మా బావ దీన్నంతా కొట్టిపారేశాడు. "మన ఊరి నీళ్ళు తాగితే ఎవునికైనా బేదులే. దానికి నోరు తిరగని పేరెందుకు? అది అమెరికా జబ్బు. ఏసీ ఆసుపత్రుల్లో పడుకునేవాళ్ళకు వస్తుంది" అన్నాడు.

ఇందులో నిజం లేకపోలేదు. మన దగ్గర వచ్చే బేదుల్లో ఎక్కువ భాగం నీళ్ళవల్ల, తిండివల్ల వచ్చేవే. వేసవిలో ట్యాంకరు నీళ్ళు, మురిక్కాలవలో మునిగిన పైపులు, పెళ్ళిలో మధ్యాహ్నం దాకా మిగిలిన పెరుగన్నం. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ఉన్నవాళ్ళకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. యాంటీబయాటిక్ వేసుకున్నాక వచ్చే బేదుల్లో కూడా ఎక్కువ సీ డిఫ్ వల్ల కాదు, మందు ఆపితే అవే ఆగిపోతాయి. రెట్లు అని భయపెట్టడం కూడా సులువు. అరుదైన జబ్బుకు ఇరవై రెట్లన్నా అరుదే. మా షాపాయన ఈ ముప్పై ఏళ్ళలో ఎంతమందికి క్లిండమైసిన్ కత్తిరించి ఉంటాడో, నాయనలాంటివాళ్ళు ఎందరు తేలతారో. నాకూ ఒక దశలో అనుమానం వచ్చింది, మనకు దొరికిన పేరుకు మనమే కథ అల్లుకుంటున్నామా అని.

"ఏసీ ఆసుపత్రి" అన్నది మాత్రం పాత మాట. 2011లో అమెరికాలో దాదాపు 4,53,000 మందికి ఈ జబ్బు వచ్చిందని లెక్క కట్టారు. నెల లోపల పోయినవాళ్ళు 29,000 దాకా ఉన్నారు. మొత్తంలో మూడో వంతు మంది, అంటే ఒకటిన్నర లక్షల పైన, అంతకుముందు పన్నెండు వారాల్లో ఆసుపత్రి మంచం ఎక్కనివాళ్ళు. వాళ్ళలో చాలామంది ఇంట్లో ఉండి యాంటీబయాటిక్ మాత్రలు మింగినవాళ్ళు.

బావకు ఇంకా బలమైన ఆయుధం ఒకటుంది, ఆయనకు తెలియదు కాబట్టి నేనే అందిస్తున్నా. అలా బయట జబ్బు తెచ్చుకున్న 984 మందిని అక్కడ ఒక్కొక్కరినీ అడిగి చూస్తే 36 శాతం మంది యాంటీబయాటిక్ వాడనేలేదని తేలింది. 2013లో వచ్చిన ఫలితం ఇది. మూడో వంతుకు పైగా మందికి మాత్రతో సంబంధమే లేనప్పుడు మాత్రను పట్టుకుని వేలాడటమెందుకు?

చాలాసేపు దీనికి నా దగ్గర జవాబు లేదు. తర్వాత కళ్ళజోడు డబ్బా గుర్తొచ్చింది. అక్కడ యాంటీబయాటిక్ మాత్ర చీటీ మీదే దొరుకుతుంది, మందుల షాపు కంప్యూటర్లో ఉంటుంది, ఇచ్చిన సీసా మీద రోగి పేరు, మందు పేరు అచ్చేసి ఉంటాయి. అలాంటి చోట "వాడలేదు" అంటే చాలావరకు నమ్మొచ్చు. ఇక్కడ ఆ స్ట్రిప్పు ముక్క బల్ల మీద పడకపోయి ఉంటే, మా నాయన కూడా వాడనివాళ్ళ లెక్కలోకే పోయేవాడు. ఇద్దరు సాక్షులం "లేదు మేడమ్" అని చెప్పాం కూడా. డాక్టరమ్మ దాన్నే ఫైల్లో రాసుకునేది. ఆ పరీక్ష రాయించిందేమో గానీ, మందు పేరు ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. మళ్ళీ పన్ను నొప్పి పుడితే నాయన మిగిలిన రెండూ వేసుకునేవాడు.

నేను పట్టుకున్న సంగతి ఇదే. ఆసుపత్రిలో జబ్బు వస్తే కేస్ షీటు ఉంటుంది, ఏ రోజు ఏ సూది వేశారో రాసి ఉంటుంది. బయట వచ్చే జబ్బుకు సాక్ష్యం మందుల షాపు చెత్తబుట్టలో ఉంటుంది. మనకు పొట్లం కట్టి ఇచ్చేది పేరు లేని వైపు.

చీటీ లేనిదే ఇవ్వకూడదంటే

మాత్ర ఎవరిచ్చినా దాని పేరు రాసివ్వాలని నేనంటే, డాక్టరైన నా స్నేహితుడు ఒకడు కోప్పడ్డాడు. "నువ్వు పేరు రాసివ్వమంటున్నావ్. అసలు చీటీ లేకుండా ఇవ్వడమే తప్పు. దాని గురించి రాయి" అన్నాడు. కేరళను చూపించాడు. 2024లో అమృత్ అనే పేరుతో అక్కడి ప్రభుత్వం చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే షాపులను పట్టుకోవడం మొదలుపెట్టింది, కవరు రంగు కూడా నీలం చేసింది.

వాడి మాట సగం ఒప్పుకుంటాను. చట్టం కొత్తది కాదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అని ఒక జాబితా అమల్లో ఉంది. అందులోని మందు అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నది విడిగా రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. ఆ రిజిస్టరు గురించి ఒక షాపులో అడిగాను. కుర్రాడు నన్ను డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు మనిషి అనుకుని బిత్తరపోయాడు. కాదని తెలిశాక "ఎవరు రాస్తారన్నా" అని నవ్వాడు.

రాశారనే అనుకుందాం. అప్పుడు పెట్టిన 46 మందుల్లో సెఫిక్సిమ్ ఉంది, టీబీ మందులున్నాయి, నిద్రమాత్రలున్నాయి. క్లిండమైసిన్ లేదు. మందులకు లొంగని సూక్ష్మజీవులనూ అలవాటు పడే మత్తునూ దృష్టిలో పెట్టుకుని రాసిన జాబితా అది. పేగు దృష్టితో రాసి ఉంటే మొదటి పేరు వేరే ఉండేది. పైగా ఆ రిజిస్టరు ఉండేది షాపులో. బేదులతో కర్నూలు పోయే మనిషి సంచిలో కాదు.

చీటీ అంటారు సరే, రాసేవాళ్ళు ఎక్కడున్నారు? మా పల్లెలో జ్వరమొస్తే ఆర్.ఎం.పి. టైఫాయిడ్ కోసం విడాల్ అనే రక్త పరీక్ష చేయిస్తాడు, ఆ పరీక్షలో మన ప్రాంతంలో చాలామందికి ఏదో ఒకటి కనిపిస్తుంది, "టైఫాయిడ్ ఉంది" అని సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ సూదులు ఐదు రోజులు వేస్తాడు. షాపుకు తాళం వేస్తే జనం నేరుగా సూది దగ్గరికి పోతారు. చదువుకున్న డాక్టర్లు రాయరా అంటే, వాళ్ళు రాసే చీటీల్లోనూ జలుబుకు అజిత్రోమైసిన్ నేను చూశాను. పేరుకు చీటీ ఉంటుంది, పేగుకు తేడా తెలియదు.

అందుకే నా కోరిక చిన్నది. మాత్ర ఎవరిచ్చినా, చీటీ ఉన్నా లేకున్నా, దాని పేరు మనిషి దగ్గర ఉండాలి. కవరు మీద పెన్నుతో రాసినా చాలు, ఫోన్‌లో ఫోటో తీసినా చాలు. బేదులు వచ్చినప్పుడు ఎవరో ఒకరు "మూడు నెలల్లో ఏం మింగావు?" అని అడగాలి. "యాంటీబయాటిక్ వాడారా" అని అడిగితే మా నాయనలాగే అందరూ లేదంటారు. "ఏ మాత్రయినా, ఎక్కడ తెచ్చుకున్నదైనా, పంటికైనా, కాలి పుండుకైనా" అని అడగాలి.

"ఇంతేనా?" అన్నాడు స్నేహితుడు. ఇంతే. ఇది కూడా జరగట్లేదు కదా.

ఎవరి భయం ఎవరికి

యాంటీబయాటిక్ గురించి మనకు చెప్పే హెచ్చరిక ఒక్కటే: ఇష్టమొచ్చినట్టు వాడితే రేపు మందులు పనిచేయవు. 2016 నుంచి, చీటీ లేకుండా వాడొద్దని చెప్పే స్ట్రిప్పుల మీది ఎర్ర గీత గురించి ప్రచారం నడిచింది కూడా దీని కోసమే. నిజమే, పెద్ద ప్రమాదమే. పంటినొప్పితో రాత్రి నిద్రపోని డెబ్భై ఏళ్ళ మనిషికి మాత్రం అది ఎవరి రేపో. ఊరందరి చెరువు లాంటిది, అందరిదీ కాబట్టి ఎవరూ పూడిక తీయరు.

పేగు అలా కాదు, అది ఆయనదే. "ఈ మాత్ర వేసుకుంటే మూడు నెలలు నీ కడుపు కాపలా లేని చేను" అని షాపులో ఎవరైనా అని ఉంటే నాయన కనీసం పంటి డాక్టరు దగ్గరికి పోయేవాడేమో. పీకించుకునేవాడేమో. చివరికి ఆ పన్ను పీకించుకోక తప్పలేదు, ఆగస్టులో.

ఇంకో చిక్కు "పెన్సిలిన్ పడదప్పా" అన్న మాట. పెన్సిలిన్ పడదని చెప్పుకునేవాళ్ళకు సరిగ్గా పరీక్ష చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పడుతుందంట. యాభై ఏళ్ళ కిందటి దద్దుర్ల కథ ఒకటి మనిషిని మామూలు మందు నుంచి తప్పించి పేగుకు అన్నిటికంటే చెడ్డదైన మందు వైపు నడిపించింది. గుండె కవాటాల జబ్బున్నవాళ్ళకు పంటి పనికి ముందు ఇచ్చే ఒక్క డోసుకు కూడా క్లిండమైసిన్ వద్దని 2021లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ జాబితాలోంచి తీసేసింది. దద్దుర్ల కథ నిజమా కాదా అని మేం ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి మా జేజి ఒక్కతే ఉండేది, ఆమె పోయి పదేళ్ళు.

గ్యాస్ మాత్ర

దీని మీద ఎక్కువ రాయను, కొట్లాట అవుతుంది. మన దగ్గర ఏ మాత్రకైనా తోడు గ్యాస్ మాత్ర. "వేడి చేస్తుంది, ఇది పరగడుపున వేసుకో" అని. ఊళ్ళో పాంటోప్రజోల్ పేరు తెలియని ఇల్లు లేదు, నెలల తరబడి టీకి ముందు వేసుకునేవాళ్ళున్నారు. పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే ఈ జాతి మందులకూ సీ డిఫ్ బేదులకూ సంబంధం ఉండొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2012లోనే హెచ్చరించింది. ఇందాక చెప్పిన 36 శాతం మందిలో, అంటే యాంటీబయాటిక్ వాడనివాళ్ళలో, మూడో వంతుకు దగ్గరగా ఈ మాత్ర వాడినవాళ్ళున్నారు. ఇదే కారణమని చెప్పడానికి అది చాలదు. అవసరమున్నవాళ్ళు ఆపమని నేను అనట్లేదు. అవసరముందో లేదో ఒకసారి అడగండి. నాయన నాలుగేళ్ళుగా వేసుకుంటున్నాడని మాకు కర్నూలులోనే తెలిసింది. అది కూడా ఆయన లెక్కలో మందు కాదు.

తాగే సూదిమందు

వైద్యం గురించి కొంచెం. ఈ జబ్బుకు మందు మళ్ళీ యాంటీబయాటిక్కే, వాంకోమైసిన్. నోటితో తీసుకోవాలి. నరానికి ఎక్కిస్తే పేగులోకి చేరదు. తాగితే రక్తంలో కలవకుండా పేగులోనే ఉంటుంది, అక్కడే కదా పని. క్యాప్సూళ్ళు దొరకలేదు, దొరికిన చోట ధర విని అమ్మ కూర్చుండిపోయింది. సూదిమందు సీసా పొడినే నీళ్ళలో కలిపి తాగించమని డాక్టరమ్మ రాసింది. 500 మిల్లీగ్రాముల సీసా, రోజుకు ఒకటి, నాలుగు పూటలుగా. షాపులో కుర్రాడు చీటీ చూసి "సిరంజి ఎన్ని కావాల"న్నాడు. తాగడానికి అంటే నన్ను ఎగాదిగా చూశాడు. చేదు పోవడానికి అమ్మ నిమ్మరసం, బెల్లం కలిపేది. నాయన ముక్కు మూసుకుని తాగి, "కల్లు అనుకుంటే పోతాది" అనేవాడు. పది రోజులు. నాలుగో రోజుకే తేడా కనబడింది.

మొదటిసారి తగ్గినవాళ్ళలో ఐదుగురిలో ఒకరికి తిరగబెడుతుందని చెప్పారు. పదే పదే తిరగబెడితే ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధి చేసి పేగులోకి పంపే వైద్యం ఉందట. 2013లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రయోగంలో అది వాంకోమైసిన్ కంటే ఎంతో బాగా పనిచేయడంతో ప్రయోగాన్ని ముందే ఆపేశారు. నాయనకు ఇది చెప్పాను. "పేడ ఎరువు" అన్నాడు. ఆ అవసరం రాలేదు.

ఇంట్లో ఇబ్బందంతా చేతుల దగ్గర వచ్చింది. కరోనా నాటి శానిటైజర్ సీసాలు ఇంకా రెండున్నాయి, అమ్మ వాటినే పట్టుకుంది. ఈ సూక్ష్మజీవి విత్తనాలను ఆల్కహాల్ చంపదు, సబ్బుతో రుద్ది నీళ్ళతో కడిగితేనే పోతాయి, గచ్చు మీద నెలల తరబడి బతుకుతాయి. బాత్రూముకు బ్లీచింగ్. మా చెల్లెలి కొడుకు పాకే వయసులో ఉన్నాడు, వాణ్ణి ఆ పదిహేను రోజులూ తాత దగ్గరికి పోనివ్వలేదు. నాయన అన్నిటికంటే దానికే ఎక్కువ బాధపడ్డాడు.

ఓ.ఆర్.ఎస్. పేరుతో మేం మొదటి వారాల్లో తాగించిన అట్టపెట్టె పానీయాలు అసలు ఓ.ఆర్.ఎస్. కావని కూడా అప్పుడే తెలిసింది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అలాంటి పానీయాల మీద ఆ మాట వాడకూడదంది. లీటరు నీళ్ళలో కలుపుకునే పొడి పొట్లమే అసలుది. మనం పేరు చూసి కొంటాం, అది వేరేదయి ఉంటుంది. లేదంటే పేరు చూడకుండానే మింగుతాం.

కోలుకున్నాక ఒకరోజు నాయన అదే షాపుకు పోయాడు, మోకాలి నొప్పికి. నేనూ వెంట ఉన్నాను. పోట్లాడతాడేమో అని కొంచెం టెన్షన్ పడ్డాను. షాపాయనకు సంగతంతా తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. మాట్లాడకుండా స్ట్రిప్పు తీసి కత్తెర అందుకున్నాడు.

"పేరుండే వైపు నాకియ్యి" అన్నాడు నాయన.

"నీకు పేరు కావాల, మిగిలినేది ఇంకొకరికి పేరు లేకుండా ఇయ్యాల్నా?" అన్నాడు షాపాయన. అది నేను ఆలోచించని ప్రశ్న. కాసేపటికి ఆయనే కాగితం కవరు మీద పెన్నుతో మాత్ర పేరు, తేదీ రాసి ఇచ్చాడు. అక్షరాలు వంకర, పేరు సరిగ్గానే ఉంది.

ఇప్పుడు వంటింట్లో క్యాలెండరు వెనక పాల లెక్క పక్కన నాయన గీత గీసి మాత్రలు రాస్తున్నాడు. తేదీ, పేరు, దేనికి, ఎవరు ఇచ్చిరి. పోయిన వారం చూస్తే ఒక వరుస కొత్తగా ఉంది: పాంటోప్ - గ్యాసుకు - నేనే అడిగి తెచ్చుకుంటి.